ఎనభై లీటర్ల భూసంస్కరణ

1

తొట్టె దినచర్యలో నీటి వేడి, ఉప్పు, చేపల తీరు తప్ప మరేదీ రాయకూడదని మూత మీద అంటించిన కాగితం చెబుతోంది. కాబట్టి ముందు అవే రాస్తాను. నీరు గోరువెచ్చగా ఉంది. ఉప్పు సరిపోయింది. చేపలు ఇంకా లేవు.

ఇక మిగతాది కూడా రాస్తాను. పైనున్న అంకె పుటది, తేదీ కాదు. చదివే మనిషంటూ ఉంటే అభ్యంతరం చెప్పనివ్వండి. సంతోషిస్తాను.

నా పేరు నళిని. యాభై మూడేళ్లు. పదకొండో అంతస్తులో మెట్ల పక్కనున్న ఇల్లు నాది. నా పక్కిల్లు ఖాళీ. ఎదురిల్లు ఖాళీ. సముద్రం ఊళ్లోకి వచ్చాక అందర్నీ ఈ కొండ మీది భవనాల్లోకి ఎక్కించినప్పుడు, ఇరుకులో జనం కొట్టుకు చస్తారని భయపడి, ఎవరి పక్కన ఎవరుండాలో తేల్చే పనిని పొందిక యంత్రానికి అప్పగించారు. గొడవలు ఆగిన మాట నిజమే. ఉల్లిపాయ ముట్టనివాళ్లంతా ఒక అంతస్తు. తెల్లారకముందే భక్తిపాటలు పెట్టేవాళ్లంతా ఇంకో అంతస్తు. పిల్లల అల్లరి పడనివాళ్లు ఒకచోట, పిల్లలున్నవాళ్లు ఒకచోట. వెనకటికి వాడలనీ పేటలనీ అగ్రహారాలనీ ఏ బుద్ధితో కట్టుకున్నామో, ఆ బుద్ధితోనే ఇప్పుడు మార్కులేసి కడుతున్నారని నేను రాశాను. నా పక్కన పెట్టదగ్గ మనిషెవరూ ఈ కొండ మీద లేరని యంత్రం తేల్చింది. నన్ను 'ఇమడనివారి' జాబితాలో చేర్చారు.

రాయడానికి మాత్రం చోటిచ్చారు. ప్రతి భవనం కింద గోడలో వెలిగే పలక ఉంది. వారానికోసారి నా వ్యాసం అందులో వస్తుంది. అయితే ఆ పలక తన ముందు నిలబడ్డ మనిషికి నచ్చేవే చూపిస్తుంది. నాతో ఏకీభవించేవాళ్లకే నా వ్యాసం కనబడుతుంది. ఇన్నేళ్లలో నాకొచ్చిన జవాబులన్నీ ఒకటే. చాలా బాగా చెప్పారు. ఎదురు చెప్పేవాళ్లు లేకుండా వాదించడం ఎంత నరకమో కూడా ఒక వారం రాశాను. దానికీ అదే జవాబు.

పోయినేడాది నుంచి ఇమడనివాళ్లకు నీటి పరీక్ష అని కొత్తగా పెట్టారు. ఇంటికో ఉప్పునీటి తొట్టె, ఎనభై లీటర్లది. అందులో రెండు చేపల్ని వానాకాలమంతా బతికించాలి. ఆఖరి వారంలో ఒకదాన్నొకటి కరవకూడదు. అద్దానికి అతికించిన గుండీ లాంటిదొకటి అది కనిపెడుతుంది. నెగ్గితే పక్కింట్లోకి ఒక మనిషిని పంపుతారు.

పరీక్ష అవమానకరంగా ఉందని రాశాను. ఒప్పుకున్నాను కూడా.

2

ఈ రోజు పైడిరాజు వచ్చాడు. పొందిక విభాగంలో తనిఖీ అధికారి. సముద్రంలో చేపలున్న కాలంలో చేపల చదువు చదివిన ఆఖరి బ్యాచ్ తనదేనని చెప్పుకుంటాడు. లిఫ్టు నా అంతస్తుకి తెచ్చే మనిషి అతనొక్కడే.

"మేడంగారూ, మీకు క్లౌన్ చేపలు రాసింది యంత్రం. నారింజ రంగు, తెల్ల పట్టీలు. జంట. ఓ మూలన కూచుని ఊగుతుంటాయి, ఇంకేటీ చెయ్యవు. వానలు దాటేస్తాయి, మీకు పక్కింట్లో మనిషొస్తాది."

"రెండూ ఒకే జాతి."

"ఒకే జాతి గనకే గొడవుండదండి."

"ఇన్నేళ్లుగా నేను కాదంటున్నది దాన్నే."

"తెలుసండి. మా ఆవిడ మీ యాసాలు సదవమంటాది. పలక ముందు నిలబడితే నాకు కనబడవు మరి."

అతని సంచిలో ఇంకో డబ్బా ఉంది. అందులో బొటనవేలంత చేప. ఒళ్లంతా చిక్కటి నీలం, తోక పసుపు. డబ్బా గోడను తలతో కొడుతోంది.

"డామ్సెల్ అండి. పోయిన వానలప్పుడు వెనక్కొచ్చింది. పక్కన ఏ చేపనీ ఉండనివ్వదని ఎవరూ తీసుకోటం లేదు. ఇయ్యాళ తీసేస్తాం."

"తీసేయడమంటే?"

"వదలాలంటే సముద్రం ఉండాలి కదండి," అన్నాడు.

మా కిటికీలోంచి సముద్రం కనబడుతూనే ఉంటుంది. పాత ఊళ్లోని మేడల మీది నీళ్ల ట్యాంకులు మాత్రమే పైకి తేలి ఉంటాయి. ఆ వేడికి, ఆ పులుపుకి అందులో ఏ చేపా బతకదు.

డబ్బా అందుకున్నాను. పైడిరాజు తల గోక్కున్నాడు.

"అలగైతే ఒకటి ఇనండి. ముందు మెత్తటిదాన్ని వెయ్యాలి. అది తన చోటు చూసుకున్నాక ఆఖర్న ఇలాటిదాన్ని వెయ్యాలి. ముందిదే దిగిందంటే తొట్టంతా నాదేనంటాది."

ఎక్కడా చోటు దక్కనిదానికే ముందు చోటివ్వాలని, దాన్ని దుష్టజాతి అని ముద్రవేసింది ఇరుకైన తొట్లేనని, కడుపునిండా తిండి పెడితే ఏ ప్రాణీ ఇంకోదాని మీద పడదని అతనికి వివరంగా చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ అతను గోడనున్న చెమ్మను చూశాడు.

"సరేనండి. ఇక్కడ సంతకం పెట్టండి. పోలిక మాత్రం బాగా కుదిరింది."

"ఏ పోలిక?"

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

3

నీరు వెచ్చన. ఉప్పు సరి. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అలాగే ఉండిపోతుంది. అందుకని తగ్గినంత మేర రోజూ మంచినీళ్లు పోయాలి. మంచినీళ్లు మనిషికింతని వస్తాయి కాబట్టి నా తాగే నీళ్లలోంచే పోస్తున్నాను.

నీలం చేప పూర్తిగా కుదురుకుంది. తొట్టె మధ్యలో సున్నపురాళ్లు గుట్టగా పేర్చాను. ఆ గుట్టలో ఉన్న ప్రతి కన్నంలోనూ దూరి చూసి, అన్నీ ఉంచుకుంది. నాచు తుడవడానికి చెయ్యి పెడితే దూసుకొచ్చి వేలు కొరుకుతుంది. గాయమయ్యేంత నోరు లేదు, కానీ ఉద్దేశం స్పష్టంగా ఉంది. దానికి జమీందారు అని పేరు పెట్టాను.

ఇంకో సంగతి రాసుకోవాలి. ఈ ఇంట్లో అడుగుపెట్టాక నన్ను కాదన్న మొదటి ప్రాణి ఇది. పొద్దున లేవగానే తొట్టె దగ్గరికి వెళ్తున్నాను.

5

పైడిరాజు రెండో చేపను తెచ్చాడు. దాన్ని ఫైర్‌ఫిష్ అంటారట. సన్నగా ఉంది. ముందు సగం పాలతెలుపు, వెనక సగం నిప్పు ఎరుపు. వీపు మీద పొడుగాటి ముల్లులాంటి రెక్కను మాటిమాటికీ పైకెత్తి దించుతుంది. ఎవరికో సైగ చేస్తున్నట్టు ఉంటుంది. కొరకడం చేతకాదు. భయమేస్తే కన్నంలో దూరుతుంది, కన్నం దొరక్కపోతే నీళ్లలోంచి ఎగురుతుంది.

"మూత మరవకండి," అన్నాడు.

తర్వాత బయటికెళ్లి పక్కింటి తలుపుకి ఒక పేరుపలక బిగించాడు. సలోమి.

"రెండో భవనంలో ఉంటాదండి. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఆవిడా ఇమడనివారే. పోయినేడే నెగ్గీసింది పరీక్ష. పెట్టడానికి చోటు లేక ఆపారు. మార్కులు చూస్తే మీ పక్కన సరిపోతాదని ఒచ్చింది. ఇంక మీదే ఆలస్యం."

"ఎలాంటి మనిషి?"

"నన్ను నిలబెట్టి ఎక్కం అప్పజెప్పమందండి," అన్నాడు. "అలాటి మనిషి."

6

చెత్త పారేయడానికి వెళ్లినప్పుడల్లా ఆ పేరు చదువుతున్నాను. చెత్త ఎక్కువసార్లు పారేస్తున్నాను.

ఆమె గుమ్మం ముందు కూడా ఊడుస్తున్నాను. దుమ్ముకి గుమ్మాల తేడా ఉండదు కదా అని నాకు నేను చెప్పుకున్న కారణం. రెండో కుర్చీ మీది పుస్తకాలు కింద పెట్టాను. రెండో గ్లాసు కడిగి బోర్లించాను. హెడ్మిస్ట్రెస్ అంటే క్రమశిక్షణ గురించి చెత్త అభిప్రాయాలు ఉండి తీరతాయి. వాటికి జవాబులు తయారు చేసుకుంటున్నాను. ఆమె ఏమంటుందో, దానికి నేనేమంటానో, పైకే అంటున్నాను.

తొట్టె సంగతి బాగాలేదు. ఎర్రతోకది (దానికి వేరే పేరు పెట్టాలనిపించలేదు) గుట్ట దగ్గరికి వస్తే చాలు, జమీందారు బాణంలా వచ్చి తరుముతోంది. ఎక్కడికి తరుముతోంది? అద్దం మూలకి. నీళ్లు తిప్పే మోటారు వెనక అంగుళం సందుంది. ఎర్రతోకది ఆ సందులో నిలువుగా నిలబడి ఉంటోంది. మేత వేస్తే బయటికి రాదు. తోక అంచు చిరిగింది. గుండీ ఎర్రగా వెలుగుతోంది.

జమీందారుకి కడుపునిండా పెట్టాను. తిని, కొత్త బలంతో తరిమింది.

7

పొద్దున చూస్తే ఎర్రతోకది నేల మీద ఉంది. నా ఇంట్లో దేనికీ మూతలుండవని గొప్పగా మూత తీసి పక్కన పెట్టింది నేనే. ఒంటికి దుమ్మంటుకుంది, కదలటం లేదు. గరిటెతో ఎత్తి నీళ్లలో పెట్టాను. కాసేపు పక్కకి ఒరిగి తేలింది. తర్వాత దవడ కదిలింది.

మూత పెట్టాను. దీని మీద వ్యాసం రాయను.

10

తప్పెక్కడుందో తెలిసింది. జమీందారు చెడ్డదని పైడిరాజు అంటాడు. అది మనం వెయ్యేళ్లుగా ఒకళ్ల గురించి ఒకళ్లం అంటున్న మాట. చేపలో ఏముంది? ముందొచ్చింది, రాళ్లన్నీ తన పేర రాసుకుంది, వెనకొచ్చినదానికి మోటారు సందు మిగిలింది. పొందిక అనేది ప్రాణుల స్వభావంలో ఉండదు. ఎవరు ముందొచ్చారు, ఎవరి చేతిలో ఎంత భూమి ఉంది, అందులో ఉంటుంది. యంత్రం మనుషుల్ని కొలుస్తుంది గానీ రాళ్లను కొలవదు.

కాబట్టి భూమి పంచాను. రెండు చేపల్నీ గిన్నెల్లోకి తీసి, రాళ్లన్నీ బయటికి లాగి, గుట్ట రూపు పూర్తిగా మార్చి మళ్లీ పేర్చాను. పాత కన్నం ఒక్కటీ పాతచోట లేదు. ముందు ఎర్రతోకదాన్ని వదిలాను. అది తిరిగి తిరిగి ఒక కన్నం చూసుకున్నాక జమీందారుని వదిలాను.

అది తొట్టె మధ్యలో ఆగిపోయింది. తన ఊరు తనకు తెలియలేదు. అటు వెళ్లింది, ఇటు వెళ్లింది. ఎర్రతోకది కన్నంలోంచి తల బయటపెట్టి వీపు మీది రెక్క ఎత్తింది. జమీందారు ఏమీ అనలేదు.

గుండీ ఆకుపచ్చగా ఉంది. నేను ఎగిరి గంతేయలేదు గానీ, సలోమి తలుపు దాకా వెళ్లొచ్చాను.

13

కొత్త గుట్ట కూడా జమీందారుదే అయింది. ఎర్రతోకది మోటారు వెనక ఉంది.

మళ్లీ పంచాను. భూసంస్కరణ ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదని నేనే ఎన్నోసార్లు రాశాను. రాసినప్పుడు నా చేతులు పొడిగా ఉన్నాయి. ఇప్పుడు ఉప్పుకి మోచేతులు పగిలి మండుతున్నాయి.

16

పైడిరాజు గుండీలోని లెక్క చూసుకుని నిలబడే మాట్లాడాడు. ఆఖరి వారం మొదలైందన్నాడు.

"ఇంకా టైముంది మేడంగారూ. ఆ నీలందాన్ని ఇచ్చీండి. బదులు ఏదో మెత్తటిది తెచ్చి పడేస్తాను. గుండీ పచ్చగా ఉంటాది. సలోమమ్మగారు సామాన్లు సర్దీసుకున్నారు."

"ఇస్తే దాన్నేం చేస్తారు?"

"మీకు తెలిసిందే కదండి."

"ఆవిడ ఎలా నెగ్గింది?"

"ఆవిడ దగ్గరా ఇలాటి తరిమే చేపే ఉండేది. ఇచ్చీసింది. తెలివైన మనిషి." సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "రేపొస్తాను. మీరే పట్టి ఇందులో పెట్టీండి. నేను పట్టబోతే కొరుకుతాది."

అతను వెళ్లాక డబ్బాను తొట్టెలో ముంచి ఉంచాను. మూత తీసే ఉంచాను. జమీందారు వచ్చి చుట్టూ తిరిగింది. లోపలికి వెళ్లింది. బయటికొచ్చి, మళ్లీ వెళ్లింది. తర్వాత డబ్బా వాకిట్లో నిలబడి, నా వేలు దగ్గరికొస్తే కొరికింది. డబ్బా కూడా దానిదే అయిపోయింది.

మూత నొక్కితే చాలు. దానంతట అదే వెళ్లి కూర్చుంది.

నేను నా ప్రాణమంతా పెట్టి రాసింది ఒకటే. ఇమడలేదన్న కారణంతో ఎవర్నీ గెంటకూడదని. కానీ పక్కింటి తలుపు మీద ఒక పేరుంది. చేపనిచ్చేస్తే ఆ తలుపు వెనక గిన్నెల చప్పుడు వస్తుంది. గోడ మీద కొట్టి, మీ మోటారు మోత ఆపండని ఎవరో అరుస్తారు. ఆ అరుపు కోసం ఒక బొటనవేలంత చేప. ఎవరైనా ఇచ్చేస్తారు. ఇచ్చేవాళ్లను నేను తప్పుపట్టను అని రాయబోయాను. తప్పుపడతాను.

డబ్బా ఖాళీగా బయటికి తీశాను.

17

పైడిరాజు ఖాళీ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కింటి దగ్గర స్క్రూలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. అతను వెళ్లాక వెళ్లి చూశాను. తలుపు మీద రెండు చిల్లులున్నాయి.

నీరు వెచ్చన. ఉప్పు సరి. చేపలు రెండూ ఉన్నాయి. గుండీ ఎరుపు. మళ్లీ వచ్చే వానాకాలం దాకా అడగడానికి లేదు.

నేను చేసింది సరైన పని. దాని గురించి ఈ వారం వ్యాసం పంపాను. చాలా బాగా చెప్పారని ఇప్పటికే జవాబులొచ్చాయి.

18

ఊడవడం నా గుమ్మం దగ్గర ఆపేశాను.

19

తలుపు చప్పుడైంది. పైడిరాజు గంట నొక్కుతాడు. ఇది అరచేత్తో బాదడం.

తెరిస్తే గోడ పట్టుకుని రొప్పుతున్న ఒకావిడ. తెల్ల జుట్టు, బూడిదరంగు చీర, కళ్లజోడు ముక్కు మీదికి జారింది.

"నళినంటే నువ్వేనా?"

"నేనే. మీరు..."

"మాటాడకు. ముందు నీళ్లియ్యి."

రెండో గ్లాసు నిండా నీళ్లిచ్చాను. తాగి, రెండో కుర్చీలో కూలబడింది.

"లిఫ్టెక్కి నీ అంతస్తు నొక్కితే, మీకక్కడ పొందిక లేదు దిగండంది. దాని మొహం. మెట్లున్నాయి కదా."

మెట్లున్నాయి. ఎవరు ఎక్కినా అవి అడగవు. నేనెందుకు ఇన్నేళ్లూ దిగలేదని అడిగేవాళ్లుంటారు. దిగి ఎవరింటికి వెళ్లాలి?

"పదకొండు అంతస్తులు," అందామె. "ఈ మోకాళ్లతో. ఎందుకొచ్చానో తెలుసా? నిన్ను తిట్టడానికి."

"తిట్టండి."

"నేనిచ్చాను కదా. నాలుగు నెలలు చేత్తో పెంచినదాన్ని డబ్బాలో పెట్టి ఆ పైడిరాజు చేతిలో పెట్టాను. పక్కన ఒక మనిషి ఉంటుందని. నువ్వొక చేపనివ్వలేకపోయావు. నా పేరు తలుపు మీద పెట్టించి పీకించావు. ఏం మనిషివమ్మా నువ్వు?"

"ఇస్తే చంపుతారని మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఇచ్చారు."

"తెలిసే ఇచ్చాను. తెలిసే నువ్వివ్వలేదు. నీ సిద్ధాంతం నీ దగ్గర భద్రంగా ఉంది. నాకేం మిగిలింది? చేపా లేదు, మనిషీ లేదు."

ఆమె ఏమంటే ఏమనాలో ఎన్నో తయారు చేసుకున్నాను. ఇది వాటిలో లేదు.

"ఏదీ," అంటూ లేచింది. "నన్ను కాదనుకుని ఎవర్ని ఉంచుకున్నావో చూడనీ."

తొట్టె ముందు వంగి కళ్లజోడు సరిచేసుకుంది. తర్వాత గోటితో అద్దం మీద మెల్లగా టకటకలాడించింది. జమీందారు గుట్ట వదిలి వచ్చింది. నా వేలు మీదికొచ్చినట్టు దూసుకురాలేదు. ఒళ్లు పక్కకి తిప్పి, ఆమె గోటి ఎదురుగా నిలబడి, తోక వణికించింది.

"చంటీ," అందామె.

"అది జమీందారు."

"నోర్ముయ్. చంటి."

కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. నేను మోటారు చూస్తున్నట్టు అటు తిరిగాను. ఇది పైడిరాజుకి తెలిసే ఉండాలి. అడిగితే ఒప్పుకోడు.

"ఆ రెండోది అక్కడ మోటారు వెనకెందుకు ఏడుస్తోంది?" గొంతు మళ్లీ హెడ్మిస్ట్రెస్‌ది అయింది. "రాళ్లెవరు పేర్చారు?"

నేనేనన్నాను. పంపకం గురించి చెప్పాను. పూర్తిగా విన్నది. వినడం అయ్యాక తల అడ్డంగా ఊపింది. ఎవరైనా నా మాట విని తల అడ్డంగా ఊపి ఎన్నేళ్లయిందో.

"ఎన్నిసార్లు పంచినా ఒకటే గుట్ట పెడుతున్నావు. గుట్ట ఒకటైతే దొర ఒకడే. రెండు గుట్టలు పెట్టు. మధ్యలో ఇసక వదిలి, ఇక్కడున్నవాడికి అక్కడున్నవాడు కనబడకుండా ఎత్తు చెయ్యి."

"అంటే గోడ కట్టమంటారు. దీనిది ఇది, దానిది అది. ఈ భవనాలు కట్టినవాళ్లూ అదే చేశారు."

"గోడ ఎవరన్నారు? కాస్త చాటు. రోజంతా ఎదురుగా ఒకటే మొహం కనబడుతుంటే ఎవరికైనా కొరకబుద్ధవుతుంది. ఈదుకుంటూ వెళ్లే దారి ఉండనే ఉంది. చాటుకీ గోడకీ తేడా తెలీదా? ఏం రాస్తావమ్మా పలక మీద?"

"మీరు చదివారా?"

"నాకెప్పుడూ కనబడలేదు," అంది. "ఇవాళ నువ్వు చెబుతుంటే ఎందుకు కనబడలేదో అర్థమైంది."

చేతులు మోచేతుల దాకా నీళ్లలో పెట్టాం. నేను పెట్టిన రాయి ఆమె తీసేసింది. ఆమె పెట్టింది నేను జరిపాను. చంటి అనబడే జమీందారు ఇద్దర్నీ సమానంగా కొరికింది. ఇసక లేచి నీళ్లు మసకబారాయి. ఎవరిది ఏ గుట్టో కనబడకపోయినా వాదించుకున్నాం. నా గొంతు ఇంత పెద్దదని నేను మరిచిపోయాను. ఆమెది నాకంటే పెద్దది.

కింద గంట మోగింది. చీకటి పడేలోపు మెట్ల తలుపులు మూస్తారు. ఆమె చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి తొట్టె వైపు వేలు చూపించింది.

"ఎడమవైపు ఆ పెద్ద రాయి అక్కడ పెట్టడం తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి ఇప్పుడు టైం లేదు."

దిగుతున్న అడుగులు విన్నాను. ప్రతి మలుపు దగ్గరా ఆగుతున్నాయి. ఆగినప్పుడల్లా ఏదో తిట్టుకుంటోంది, ఎవర్నో తెలియదు. కొన్ని అంతస్తులు దిగాక ఏమీ వినబడలేదు. పక్కింట్లోనూ ఏమీ వినబడదు.

నీళ్లు తేరుకున్నాక చూశాను. కుడి గుట్ట చాటునుంచి ఎర్రతోకది తల బయటపెట్టి రెక్క ఎత్తింది. ఎడమ గుట్టలో జమీందారు తిరుగుతోంది. గుండీ ఎరుపూ కాదు, పచ్చా కాదు. ఏమనాలో దానికి తెలియనట్టుంది.

ఎడమవైపు పెద్ద రాయి సంగతి ఇప్పుడు నాకూ తెలిసింది. అది నీళ్ల ధారకి అడ్డొస్తోంది. దాని వెనక మేత ముక్కలు పేరుకుంటున్నాయి. నాలుగు వేళ్లు పక్కకి జరిపితే సరిపోతుంది.

జరపను. అది తప్పని ఆమె ఎక్కొచ్చి చెప్పాలి.